గ్లవ్స్ మీద చల్లిన పొడి

1974 జులైలో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్ హోదాలో హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పాథాలజిస్టుగా వేశారు. హోదాలో సర్జన్ అని ఉందే కానీ బతికున్న మనిషిని నేనెన్నడూ కోసింది లేదు. ఆ రోజుల్లో ప్రభుత్వ కొలువులో చేరిన డాక్టరు ఏ పని చేసినా ఆ పేరే. నా పని, ఆపరేషన్ థియేటర్ నుంచి సీసాలో వచ్చిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అది ఏ జబ్బో రాసి సంతకం పెట్టడం. ఆ సంతకం గురించే ఇప్పుడు రాస్తున్నాను. రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నానన్న సంగతి కూడా ముందే ఒప్పుకుంటాను.

మా ల్యాబు ఎక్స్‌రే గది వెనక ఉండేది. ఒక మైక్రోస్కోపు, ఒక మైక్రోటోము, నేను, టెక్నీషియన్ యూసుఫ్ భాయ్. మైక్రోటోము అంటే ముక్కను పలచగా కోసే యంత్రం. థియేటర్ నుంచి వచ్చిన ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, స్పిరిట్‌లో నీరంతా లాగి, మైనంలో పోసి చిన్న దిమ్మ చేస్తాం. దాన్ని బ్లాక్ అంటాం. ఆ బ్లాకును మైక్రోటోము కత్తి మీద నడిపిస్తే ఉల్లిపొర కంటే పలచటి రిబ్బన్లు వస్తాయి. వాటిని గోరువెచ్చటి నీళ్ల మీద పరిచి, గాజు పలక మీదికి ఎత్తి, రంగులు వేస్తే కణాలు కనబడతాయి. ఇందులో రంగుల పని ఎవరైనా నేర్చుకోవచ్చు. కత్తి పని అందరికీ రాదు. యూసుఫ్ భాయ్ శాలిబండలో పుట్టి పెరిగిన మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పొద్దున వచ్చీ రాగానే కత్తిని నూనె రాయి మీద, తర్వాత తోలు పట్టీ మీద గంటసేపు సానపట్టేవాడు. ఆ కత్తిని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు.

పాథాలజిస్టుకు ఒక చిత్రమైన సౌకర్యం ఉంటుంది. రోగి ఒంట్లో సర్జన్ ఏది వదిలిపెట్టినా, దాన్ని ఆ ఒళ్లు ఎట్లా చూసుకుందో ఆ తర్వాత మాకు తెలుస్తుంది. కుట్లు వేసే క్యాట్‌గట్ గొర్రె పేగుతో చేసిన దారం. దాన్ని ఒళ్లు కొన్ని వారాల్లో కరిగించుకుంటుంది. పట్టుదారాన్ని అంత సులభంగా కరిగించలేక చుట్టూ పలచటి పొర కట్టి ఊరుకుంటుంది. మంచి స్టీలు తీగను పెద్దగా పట్టించుకోదు. నాసిరకం ఇనుము చేరితే మాత్రం చుట్టుపక్కల కండంతా నల్లబడిపోతుంది. ఇవన్నీ పుస్తకంలో చదివినవే, స్లైడుల మీద చూసినవే. నాకు తెలుసుననే అనుకునేదాన్ని.

మరుసటి ఏడు ఎండాకాలంలో సలోమి అనే అమ్మాయి ముక్క వచ్చింది. అమ్మాయి అంటున్నాను కానీ ఇరవయ్యేడేళ్లు. సైదాబాద్‌లో తల్లితో ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్సు కలిపే ఆపరేటరు. తండ్రి పోయాక ఆ ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. అంతకు ముందు వర్షాకాలంలో మా ఆసుపత్రిలోనే అపెండిక్స్ తీశారు. ఎనిమిది నెలలకు కడుపులో నొప్పి, చేతికి తగిలే గడ్డ. సూపరింటెండెంటు గారే మళ్లీ పొట్ట తెరిచారు. పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొర దళసరై, దాని నిండా సగ్గుబియ్యం గింజల్లాంటి బొడిపెలు ఉన్నాయట. ఒక ముక్క కోసి నాకు పంపారు. చీటీ మీద 'టీబీ?' అని రాసి ఉంది.

ఆ బ్లాక్ కోస్తుంటే యూసుఫ్ భాయ్ నన్ను పిలిచాడు.

"మేడం, గీ బ్లాక్‌ల ఏందో ఉన్నది. ఛురీ చల్తీచ్ నై, కత్తి నడుస్తనే లేదు. రిబ్బన్ మీద గీతలు వడుతున్నయ్," అన్నాడు.

కత్తి ఇంకోసారి సానపట్టమని చెప్పాను. అతను నా మొహం వంక ఒక క్షణం చూసి, సరేనన్నాడు. వంటవాడితో ఉప్పు చూసి వేయమన్నట్టు చెప్పానని అప్పుడు నాకు తట్టలేదు.

స్లైడు చూశాను. గ్రాన్యులోమాలు ఉన్నాయి. ఒంట్లోకి వచ్చిన కొత్త వస్తువును రక్షక కణాలు ముందు మింగి అరిగించుకోవాలని చూస్తాయి. అరగకపోతే కొన్ని కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద కణంగా మారతాయి. దాన్ని జెయింట్ సెల్ అంటాం. దాని చుట్టూ మరికొన్ని చేరి, నార అల్లుకుని ముద్ద కడుతుంది. ఆ ముద్దే గ్రాన్యులోమా. టీబీ క్రిమి వచ్చినా ఒళ్లు చేసే పని దాదాపు ఇదే, అరగని రాయి వచ్చినా ఇదే. తేడా తెలుసుకోవడానికే మమ్మల్ని చదివించి జీతమిస్తారు. టీబీలో ముద్ద నడుమ కణాలు చచ్చి కోవాలాగ తెల్లబడతాయి. ఈ స్లైడులో అది లేదు. టీబీ క్రిమికి వేసే ప్రత్యేకమైన రంగు వేయించాను. ఒక్క క్రిమీ కనబడలేదు. కడుపు టీబీలో క్రిమి కనబడకపోవడం మామూలేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జెయింట్ సెల్సులో అక్కడక్కడా రంగు పట్టని సన్నటి పలుకులు మాత్రం కనబడ్డాయి. ఆ రోజుల్లో మా స్లైడుల మీద దుమ్ము మామూలు. ఇదీ దుమ్మే అనుకున్నాను. పైగా చీటీ మీద టీబీ అని పెద్దాయన చేతిరాత ఉంది. 'గ్రాన్యులోమాలున్న వాపు. టీబీని సూచిస్తోంది' అని ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం పెట్టాను.

ఏడాది తర్వాత, వర్షాకాలంలో, బార్కస్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి పాత హెర్నియా ఆపరేషన్ మచ్చ కింద గడ్డ కట్టింది. ఆ ముక్క కోస్తూ యూసుఫ్ భాయ్ మళ్లీ ఆగాడు. ఈసారి నన్ను పిలవలేదు. బీరువాలోంచి రెండు పాత బ్లాకులు తీసి, కొత్తదానితో కలిపి మూడూ నా బల్ల మీద వరసగా పెట్టాడు. పాతవాటి పక్కన సూదితో గీసిన చిన్న ఇంటూ గుర్తు ఉంది.

"ఛురీ ఖరాబ్ చేసినయి అని నిషానీ వెట్టుకున్న మేడం. మల్లా కోయమంటే ముంగటనే తెలుస్తదని. మూడు కూడ మన థియేటర్ల ఇంతకుముందు ఆపరేషన్ అయినోళ్లయే," అన్నాడు.

వెంటనే మైక్రోస్కోపులో స్లైడు మీదికి వెలుతురు పోగుచేసే కండెన్సరును కిందికి దించాను. అలా దించితే రంగు లేని వస్తువుల అంచులు మెరుస్తాయి. పలుకులు మెరిశాయి. అవి స్లైడు మీద పడ్డ దుమ్ము కావు, కణాల లోపల ఉన్నాయి. ఇలాంటి స్ఫటికాలను ఖాయంగా పట్టుకోవాలంటే వెలుతురును ఒకే దిశలో వడగట్టే పోలరైజింగ్ మైక్రోస్కోపు కావాలి. మా దగ్గర లేదు. సాయంత్రం చార్మినార్ దగ్గర ఒక జత పోలరాయిడ్ కూలింగ్ గ్లాసెస్ కొని, అద్దాలు ఊడదీసి, ఒకటి స్లైడు కింద, ఒకటి కంటి దగ్గర పెట్టి తిప్పాను. ఒక కోణం దగ్గర కండ, కొవ్వు, కణాలు అన్నీ చీకట్లోకి పోయాయి. పలుకులు మాత్రం తెల్లగా వెలిగాయి. ఇంటూ గుర్తు ఉన్న పాత బ్లాకుల స్లైడులు కూడా తీసి చూశాను. వాటిలో ఒకటి సలోమిది. ఆమె స్లైడులోనే అన్నిటికంటే ఎక్కువున్నాయి.

అది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అప్పట్లో సర్జన్ల రబ్బరు గ్లవ్స్ ఒకసారి వాడి పారేసేవి కావు. థియేటర్ ఆయా వాటిని సబ్బుతో కడిగి, నోటితో గాలి ఊది చిల్లులు చూసి, చిల్లున్నచోట రబ్బరు ముక్క అతికి, తీగ మీద ఆరేసేది. అంటుకోకుండా లోపలా బయటా పొడి చల్లి, గుడ్డలో చుట్టి, ఆవిరి డ్రమ్ములో పెట్టేది. ఆ పొడి మొక్కజొన్న పిండి జాతిది కావాలి. పిండిని ఒళ్లు చాలావరకు అరిగించుకుంటుంది. దాని బదులు వెనకటి రోజుల్లో వాడిన టాల్కు అనే రాతిపొడి కడుపులో పడితే గ్రాన్యులోమాలు కడతాయని నేను చదువుకున్న పుస్తకాల్లోనే ఉంది. అందుకే గ్లవ్స్ తొడుక్కున్నాక, పొట్ట తెరిచే ముందు, చేతుల్ని సెలైన్ బేసిన్‌లో ముంచి కడుక్కోవాలని నియమం.

మా థియేటర్ ఆయా బాలమణిని అడిగాను. దాచడానికి ఏమీ లేని మనిషిలాగ చెప్పింది.

"స్టోర్సుల నుంచి వచ్చే పొడి వానకాలంల ముద్దలు కడ్తది మేడం. గ్లవ్స్ అన్నీ అతుక్కపోతయ్. అందుకే వానకాలం మొత్తం అత్తార్ దుకాన్ల సంగెజరాహత్ తెస్త. థియేటర్ సిస్టరమ్మకు కూడ ఎర్కే. మా ఇంట్ల పిల్లలు పడి మోకాలు చెక్కుకపోతే గదే చల్లుతం. ఒక్కనాడు చీము వట్టలే."

పిల్లల బలపాలు చేసే మెత్తటి రాయిని దంచితే వచ్చే పొడి అది, అంటే టాల్కే. పాతబస్తీలో మూలికలు అమ్మే అత్తార్ల దుకాణాల్లో పొట్లాలు కట్టి అమ్మేవారు. గాయం మీద చల్లితే నెత్తురు ఆగుతుందని ఇంటింటా వాడేవారు. బాలమణి చెప్పింది అబద్ధం కాదు. మోకాలి మీద చల్లిన పొడి పొక్కుతో పాటు ఊడిపోతుంది. కడుపులో పడిన పొడికి బయటికి దారి లేదు. అదే రాయి, అదే మనిషి, చోటు మారేసరికి ఒళ్లు ఇచ్చే జవాబు మారిపోతుంది. అసలు టాల్కు కత్తిని గీసేంత గట్టిది కాదు కానీ, బజారు పొడిలో వేరే రాళ్ల ఇసుక కలిసి ఉంటుంది. యూసుఫ్ భాయ్ కత్తికి తగిలింది అదే.

సలోమి ఏమైందో కనుక్కుందామని రిజిస్టరులో ఉన్న చిరునామాకు కార్డు రాశాను. నాలుగో రోజు వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. మళ్లీ అన్నాను.

"గట్టిగ మాట్లాడినా ఇనరాదు మేడం. రాయున్రి," అంది. గొంతు పెద్దగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంది.

నా రిపోర్టు చూసి ఆమెకు టీబీ మందులు మొదలుపెట్టారు. అప్పటి పద్ధతిలో మాత్రలతో పాటు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది. ఆ మందు కొందరికి చెవి నరాన్ని తినేస్తుంది. రెండో నెలలో చెవుల్లో గుయ్‌మంటోందని చెబితే, బలహీనత, గుడ్లు తినమన్నారట. మూడో నెలకు హెడ్‌ఫోన్‌లో అవతలివాళ్లు చెప్పే నంబరు తెలియక తప్పు లైన్లు కలపడం మొదలైంది. సూదులు ఆపేసరికి రెండు చెవులూ పోయాయి. గడ్డ మాత్రం ఎంతుందో అంతే ఉంది. రాతిపొడికి స్ట్రెప్టోమైసిన్‌తో ఏం పని?

చీటీ వెనక రాసి ఇచ్చాను, మీకున్నది టీబీ కాదు, గ్లవ్స్ మీది రాతిపొడి అని. చదివి, మళ్లీ చదివింది. నమ్మలేదేమోనని మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"గిన్ని ఉన్నయా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మరి సూదులెందుకు ఇచ్చిన్రు?"

నేను తప్పు చదివాను అని రాశాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకోను. ఎందుకంటే నిజం రాయడం అక్కడితోనే ఆగిపోయింది.

మరుసటి నెల ఆమెకు మెడికల్ బోర్డు ఉంది. ఉద్యోగానికి పనికొస్తుందో లేదో తేల్చే డాక్టర్ల బృందం అది. టీబీ రోగి అని తేలితే ఇంటికి పంపిస్తారు. జబ్బే లేదని, వైద్యంలో జరిగిన పొరపాటు వల్ల చెవులు పోయాయని ఆసుపత్రి రాసిస్తే, వినాల్సిన పని లేని క్లర్కు సీటు ఇవ్వచ్చని యూనియన్ వాళ్లు చెప్పారట. "మీరు గిప్పుడు రాసిందే లెటర్ మీద రాసియ్యున్రి మేడం. సాలు," అంది. వారంలో ఇస్తానని రాసిచ్చాను.

సప్లిమెంటరీ రిపోర్టు టైపు చేయించి సూపరింటెండెంటు గారి దగ్గరికి తీసుకెళ్లాను. సవరించిన రిపోర్టు ఆయన సంతకం లేనిదే బయటికి పోదు. ఆయన సివిల్ సర్జన్, మాకు చాలా పై హోదా. చెయ్యి తిరిగిన మనిషి. ఒక్క పొద్దున డజను ఆపరేషన్లు చేసేవారు. అంత వేగానికి కారణం ఆయన కొన్ని పనులు మానేయడమే. వాటిలో సెలైన్ బేసిన్ ఒకటి. ఆ సంగతి థియేటర్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన నా కాగితం చదివి కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, ఎదురు తిరగడానికి వీలుండేది. ఈ అమ్మాయి ఒంట్లో ఎక్కడా టీబీ లేదని ప్రమాణం చేసి చెప్పగలవా అని అడిగారు. ఏ పాథాలజిస్టూ చెప్పలేడు. మేం చూసేది ముక్కను, మనిషిని కాదు. అదే కదా అన్నారు.

"ఎంక్వైరీ పడితే ముందుగాల తీసేది నీ కాగితమేనమ్మా. ఆడ నీ సంతకమే ఉన్నది," అని నెమ్మదిగా అన్నారు. తర్వాత, మెడికల్ కాలేజీలో ట్యూటరు పోస్టుకు నా పేరు తానే పంపుతున్నానని, అది ఆయన బల్ల మీదే ఉందని, వేరే సంగతిలాగ గుర్తుచేశారు.

కొత్త వాక్యం ఆయనే చెప్పారు. 'గ్రాన్యులోమాలున్న వాపు. బయటి పదార్థం ఉండే అవకాశం ఉంది. టీబీని తోసిపుచ్చలేము.' నా మీద ఆధారపడిన వాళ్లూ ఉన్నారని, ట్యూటరు పోస్టు మళ్లీ రాదని లోపల లెక్కలు వేసుకున్నాను. ఆ వాక్యంలో అక్షరం కూడా అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, లేదు. అందుకే అది అంత బాగా పనిచేసింది. సంతకం పెట్టాను.

ఆ వారంలోనే బాలమణికి మెమో ఇచ్చారు. అనుమతి లేని పదార్థాన్ని థియేటర్లోకి తెచ్చిందట. సస్పెండు చేశారు. సంగతి సిస్టరమ్మకూ తెలుసు, కానీ ఆమె పేరు ఎక్కడా రాలేదు. నేను అడిగితే బాలమణి చెప్పింది, నేను పైకి చెప్పాను, పైవాళ్లు కిందికి చూశారు. ఆమె పోయేటప్పుడు ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి, "మీరు అడిగిన్రని ఉన్నది ఉన్నట్టు చెప్పిన మేడం. చెప్పకుంటే అయిపోతుండె," అంది. మర్నాటి నుంచి థియేటర్లో రెండు సెలైన్ బేసిన్లు వచ్చాయి. దానికి ఆర్డరు కాగితం లేదు. తప్పు జరిగిందని ఎక్కడా రాయకుండానే, ఆ తప్పు మళ్లీ జరగకుండా చూసుకున్నారు.

యూసుఫ్ భాయ్ టైపు కాపీ ఫైలులో పెడుతూ చదివాడు. అతనికి ఇంగ్లీషు అంత బాగా రాదు, కానీ ఏ మాట ఉందో ఏ మాట లేదో తెలుసుకోవడానికి సరిపడా వచ్చు. ఆ తర్వాత నాతో మర్యాదగానే ఉన్నాడు. కత్తి గురించి మాత్రం నాకు మళ్లీ ఏమీ చెప్పలేదు.

బోర్డు అయ్యాక సలోమి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి నా రిపోర్టు, రెండోది బోర్డు ఉత్తరం. టీబీ వ్యాధిగ్రస్తురాలని, వినికిడి లేదని, ఉద్యోగానికి పనికిరాదని ఉంది. అరవడం, ఏడవడం ఏమీ చేయలేదు. నా రిపోర్టు బల్ల మీద పరిచి, ఒక్కో పంక్తి కింద వేలు పెట్టి చివరిదాకా వచ్చింది.

"ఇండ్ల రాయి ఏడున్నది మేడం? నేను నా కండ్లతోని చూసిన గదా," అంది.

జవాబు రాయమని చీటీ నా ముందుకు జరిపింది. పెన్ను నా చేతిలోనే ఉంది. ఏమీ రాయలేదు. ఆమె రెండు కాగితాలూ మడిచి పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు. కనుక్కోలేదు కాబట్టి తెలియదు.

ట్యూటరు పోస్టు వచ్చింది. రిటైరయ్యేదాకా గ్రాన్యులోమా కనబడిన ప్రతి స్లైడునూ పోలరైజరు కింద చూశాను, నా విద్యార్థులందరి చేతా చూపించాను. ఆ ఒంట్లోకి అంతకు ముందు ఏమేం వెళ్లిందో అడగకుండా జబ్బు పేరు రాయవద్దని, కత్తి పట్టినవాడు ఏదైనా తగులుతోందంటే కుర్చీలోంచి లేవాలని చెప్పాను. మంచి పాఠమేనని వాళ్లు రాసుకున్నారు. ఎవరి చెవులు పోతే నేర్చుకున్నానో చెప్పలేదు.

నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. స్లైడు తప్పు చదవడం మా వృత్తిలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. సరిగ్గా చదివాక తప్పు రాయడం వేరు. దానికి చదువు తక్కువ కాలేదు, సాధనాలు తక్కువ కాలేదు. ఆమెకు రాయాల్సిన రిపోర్టు మూడే మాటలు: ముక్కలో రాతిపొడి ఉంది. టీబీ ఆనవాలు లేదు. మొదటి రిపోర్టు తప్పు, అది నాది. ఇప్పుడు రాశాను. దీన్ని చూపించుకోవడానికి ఆమెకు ఏ బోర్డూ లేదు.